అమెరికాలో చదువుకుంటూ క్యాంపస్ ఉద్యోగం: వెతకడం నుంచి పన్ను దాఖలు దాకా ఎలా చేయాలి?

వీసా చేతికొచ్చిన మర్నాటి నుంచీ పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు ఇవే: "అక్కడ పార్ట్‌టైమ్ దొరుకుతుందా? నెలకు ఎంత వస్తుంది? బ్యాంకు వాయిదా కట్టుకోవచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద చదివేవారికి మాత్రమే. బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ నియమాలు వేరు. అక్కడున్న బావగారు చెప్పిన గంటల లెక్క ఇక్కడ పనికిరాదు.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. చదువు సాగే రోజుల్లో వారానికి గరిష్ఠంగా 20 గంటలే పని. గంటకు 12 డాలర్లనుకుంటే వారానికి 240, నాలుగు వారాలకు 960. వేతనం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. కాలిఫోర్నియాలో 2025లో 16.50. ఇంకోవైపు 40 లక్షల విద్యారుణం 11 శాతం వడ్డీకి తీసుకుంటే ఒక్క వడ్డీయే నెలకు 36 వేల పైచిలుకు. పదేళ్ల వాయిదాలు మొదలయ్యాక నెలకు సుమారు 55 వేలు, అంటే ఆరువందల డాలర్లకు అటూ ఇటూ. కాబట్టి క్యాంపస్ ఉద్యోగం చిన్న ఊళ్లో మీ గది అద్దె వాటా, సరుకులు, ఫోను బిల్లు భరిస్తుంది. ఫీజు భరించదు, అప్పు తీర్చదు. "వెళ్లాక పార్ట్‌టైమ్ చేసి రెండో సెమిస్టర్ ఫీజు కట్టేస్తాడు" అని ఎవరైనా కన్సల్టెన్సీలో చెబితే, ఆ మాట చెప్పిన మనిషి ఆ ఫీజుకు పూచీ ఉంటాడేమో అడిగి చూడండి.

కావలసినవి

పాస్‌పోర్టు, వీసా, సంతకం చేసిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం). అమెరికాలో దిగాక కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్ నుంచి తీసుకున్న ఐ-94 (దేశంలోకి వచ్చిన వివరాల పత్రం) ప్రింటు. ఒక్క పేజీ రెజ్యూమె. ఆ సెమిస్టర్ తరగతుల టైమ్‌టేబుల్. మీ పేరు మీద అమెరికన్ బ్యాంకు ఖాతా. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో మీ ఐ-20 చూసే అధికారి ఎవరో తెలిసి ఉండటం. ఆ అధికారిని డీఎస్‌ఓ అంటారు. వాట్సాప్ గ్రూపులో పదిమంది ఏమన్నా, మీ విషయంలో ముందు అడగవలసింది ఈ ఒక్కరినే.

1. ఏ పని చేయవచ్చో ముందే గీత గీసుకోండి

ఎఫ్‌-1 విద్యార్థి ప్రత్యేక అనుమతి పత్రం లేకుండా చేయగలిగేది క్యాంపస్‌లోని పని మాత్రమే, అదీ మీ ఐ-20 ఇచ్చిన యూనివర్సిటీలోనే. భోజనశాల, పుస్తకాల దుకాణం వంటివాటిని బయటి కంపెనీ నడుపుతున్నా ఫరవాలేదు, అవి విద్యార్థులకు నేరుగా సేవ చేస్తున్నాయి కాబట్టి. అదే క్యాంపస్‌లో కొత్త భవనం కడుతున్న కాంట్రాక్టరు దగ్గర పని మాత్రం కుదరదు. స్థలం క్యాంపస్సే అయినా ఆ పని విద్యార్థుల కోసం కాదు.

క్యాంపస్ ఉద్యోగం చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే చేయవచ్చు. మొదటి ఏడాది క్యాంపస్ బయట పని లేదు. ఆ తర్వాత కూడా సీపీటీ వంటి అనుమతి ఉంటేనే, దాని సంగతి 9వ అంచెలో ఉంది.

2. రెజ్యూమె ఊళ్లో ఉండగానే తయారు చేసుకోండి

మనవాళ్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించేవి: ఒక మూలన పాస్‌పోర్టు ఫోటో, తండ్రి పేరు, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా, చివర "పైన పేర్కొన్నవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే వాక్యం, ఊరు, తేదీ, సంతకం. ఇవన్నీ తీసేయండి. భోజనశాల మేనేజరుకు మీ ఇంటర్ మార్కులతో పనిలేదు. ఆయనకు కావలసినవి మూడు: ఏ రోజు ఏ గంటల్లో రాగలరు, మనుషులతో మాట్లాడగలరా, చెప్పిన వేళకు వస్తారా.

అందుకే రెజ్యూమెలో ఖాళీ సమయాల పట్టిక పెట్టండి. "సోమ, బుధ ఉదయం 6 నుంచి 10, మంగళ, గురు సాయంత్రం 5 నుంచి 11, శనివారం రోజంతా" అన్న ఒక్క వరుస మీ బీటెక్ ప్రాజెక్టు కన్నా ఎక్కువ పని చేస్తుంది. కాలేజీ ఫెస్టులో రిజిస్ట్రేషన్ డెస్కు చూశారా, నాన్నగారి దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారా, పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పారా, అవి రాయండి. అవే ఇక్కడ అనుభవం కింద లెక్క.

రెజ్యూమెలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల గొడవ ఇక్కడే మొదలవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దాని భావం. తర్వాత యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి జీతం స్లిప్పు దాకా మిమ్మల్ని "ఫ్నూ" అని పిలుస్తారు. ఇంకా వీసాకు వెళ్లనివారు ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీయించుకోండి. వీసా వచ్చేసి ఉంటే, అన్ని కాగితాల్లోనూ ఒకే రూపం ఉండేలా చూసుకోండి. బ్యాంకులో ఒకలా, జీతం, పన్నుల లెక్కకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోలా ఉంటే జీతం దగ్గర కాకపోయినా పన్ను దగ్గర చిక్కు వస్తుంది.

3. ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

చాలా యూనివర్సిటీలు ఉద్యోగాలను హ్యాండ్‌షేక్ అనే వెబ్‌సైట్‌లోగానీ, తమ సొంత విద్యార్థి ఉద్యోగాల పేజీలోగానీ పెడతాయి. యూనివర్సిటీ ఈమెయిల్ పనిచేయడం మొదలైన రోజే అందులోకి వెళ్లండి. "ఫెడరల్ వర్క్ స్టడీ" అని ఉన్నవి వదిలేయండి. అది అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయం కింద వచ్చేది, మనకు వర్తించదు. ఈ ఒక్క మాట తెలియక దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, ఎవరూ జవాబివ్వలేదని కుంగిపోయేవాళ్లు చాలామంది.

వెతకాల్సిన చోట్లు: భోజనశాలలు, లైబ్రరీ, వ్యాయామశాల, హాస్టళ్ల రిసెప్షన్, పార్కింగ్ విభాగం, ఐటీ హెల్ప్ డెస్క్, గణితం ట్యూటరింగ్ కేంద్రం, తపాలా గది, క్రీడా పోటీల రోజుల్లో స్టేడియం పనులు. లైబ్రరీలో కూర్చుని చదువుకుంటూ జీతం తీసుకోవాలని అందరికీ ఉంటుంది కాబట్టి అక్కడ పోటీ ఎక్కువ. భోజనశాలలో మనుషుల కొరత ఎప్పుడూ ఉంటుంది, ముఖ్యంగా తెల్లవారుజాము షిఫ్టుకూ, రాత్రి పొద్దుపోయాక ఉండే షిఫ్టుకూ. మొదటి ఉద్యోగం అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. ఒక సెమిస్టర్ చేసి, అక్కడి సూపర్‌వైజరు పేరు చెప్పుకుని మెరుగైన చోటికి మారవచ్చు.

"పాత్రలు కడగడానికా అమెరికా పంపింది?" అని అమ్మ బాధపడుతుంది. ఆ మాట వినాల్సివస్తుందని భోజనశాల వదులుకోకండి. మాంసం ముట్టుకోలేనివారు మాత్రం ఇంటర్వ్యూలోనే మర్యాదగా చెప్పండి: గొడ్డుమాంసం, పందిమాంసం వడ్డించే కౌంటర్ కాకుండా సలాడ్లు, క్యాషియర్, పాత్రల గది ఏదైనా ఇస్తే చేస్తానని. మేనేజర్లు ఇలాంటివి వింటూనే ఉంటారు. చేరిన రెండో వారం షిఫ్టు మధ్యలో చెబితేనే వాళ్లకు ఇబ్బంది.

సమయం గురించి ఒక కిటుకు. ఆగస్టులో అందరూ ఒకేసారి ఎగబడతారు. సెమిస్టర్ మొదలైన మూడు నాలుగు వారాలకు, చదువుతో వేగలేక కొందరు మానేస్తారు. అప్పుడు మళ్లీ అడగండి. ఇంకా మంచి సమయాలు ఏప్రిల్, నవంబర్. మే, డిసెంబర్ నెలల్లో డిగ్రీ పూర్తిచేసుకునే సీనియర్లు ఏ ఉద్యోగాలు ఖాళీ చేస్తున్నారో వాళ్లకే తెలుస్తుంది. తమ మేనేజరుకు మీ పేరు చెప్పమని అడగండి, అది మొహమాటపడాల్సిన విషయం కాదు. కానీ ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

*జాగ్రత్త:* యూనివర్సిటీ ఈమెయిల్‌కే ఒక రకం మోసం వస్తుంది. ఫలానా ప్రొఫెసరుకు సహాయకుడు కావాలి, ఇంటి నుంచే పని, వారానికి కొన్ని వందల డాలర్లు అంటారు. ముందుగానే చెక్కు పంపుతారు. దాన్ని ఖాతాలో వేసి, కొంత సొమ్ముతో గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపమంటారు. ఖాతాలో సొమ్ము కనిపిస్తుంది కూడా. కొన్నాళ్లకు చెక్కు చెల్లదని బ్యాంకు ఆ సొమ్ము వెనక్కి తీసుకుంటుంది, గిఫ్ట్ కార్డులకు పెట్టిన డబ్బు మాత్రం మీకే నష్టం. పని ఇచ్చేవాడు మీకు డబ్బిచ్చి అందులోంచి ఖర్చు పెట్టమంటే అది ఉద్యోగం కాదు.

4. ఇంటర్వ్యూ

పది పదిహేను నిమిషాలకు మించదు. దాదాపు ఇవే అడుగుతారు: ఈ పని ఎందుకు, ఏ వేళల్లో రాగలరు, కోపంగా ఉన్న విద్యార్థి కౌంటర్ దగ్గరికి వస్తే ఏం చేస్తారు. "ఎప్పుడైనా వస్తాను, ఏదైనా చేస్తాను" అని చెప్పకండి. వినయంగా ఉంటుందని మనం అనుకుంటాం, వాళ్లకు మాత్రం టైమ్‌టేబుల్ చూసుకోకుండా వచ్చారనిపిస్తుంది. పట్టిక చూపించి, పరీక్షల వారంలో కూడా ఏ షిఫ్టులు తప్పక చేయగలరో చెప్పండి. అదే రోజు సాయంత్రం రెండు వాక్యాల్లో కృతజ్ఞత ఈమెయిల్ పంపండి. వారం దాటినా కబురు లేకపోతే ఒకసారి గుర్తుచేయండి, రోజూ వద్దు.

వంటగది పనులకు కొన్ని రాష్ట్రాల్లో ఆహార భద్రత శిక్షణ ధ్రువపత్రం అడుగుతారు. ఆన్‌లైన్‌లో రెండు మూడు గంటల్లో, కొద్ది డాలర్లకు అయిపోతుంది. ముందే తీసుకుంటే ఒక అడుగు ముందుంటారు.

5. ప్రొఫెసర్ల దగ్గర పని: అసలు డబ్బు ఇక్కడ ఉంది

టీచింగ్ అసిస్టెంట్, రీసెర్చ్ అసిస్టెంట్, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఉద్యోగాల్లో చాలావాటికి జీతంతోపాటు ట్యూషన్ ఫీజు మొత్తమో, కొంతో మాఫీ అవుతుంది. పైన వేసిన లెక్కను తలకిందులు చేయగలిగేది ఇది ఒక్కటే. అందుకే భోజనశాల ఉద్యోగం దొరికింది కదా అని ఈ ప్రయత్నం ఆపకండి. ఆఫర్ లెటర్లో మాత్రం ఒక విషయం చూడండి: ఫీజు మాఫీ ఉందా, లేక గంటల లెక్కన జీతమేనా. పేరు ఒకటే అయినా రెండూ ఉంటాయి.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు అందరికీ తెలిసిందే. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, అక్షరం మార్చకుండా విభాగంలోని ముప్ఫైమంది ప్రొఫెసర్లకూ ఒకే ఉత్తరం. వాళ్లు పక్కపక్క గదుల్లో కూర్చుంటారు, మధ్యాహ్నం భోజనం దగ్గర మాట్లాడుకుంటారు. కొందరు మహిళలు కూడా.

ఇలా రాయండి. డాక్టర్ అన్న మాట, వెంటనే వారి ఇంటిపేరు. మొదటి వాక్యంలో మీరెవరు, ఏ కోర్సు, ఎప్పుడు చేరారు. రెండో వాక్యంలో వారి ఫలానా పరిశోధనా పత్రంలో మీకు నచ్చిన ఒక్క నిర్దిష్ట విషయం. మూడులో ఆ పనికి ఉపయోగపడే మీ నైపుణ్యం, మీరు చేసిన ఒక ప్రాజెక్టు. నాలుగులో పదిహేను నిమిషాలు కలవడానికి సమయం అడగడం. అంతే. రెజ్యూమె జతచేయండి. ఇలాంటివి వారానికి మూడు నాలుగు రాస్తే చాలు.

దీనికన్నా బాగా పనిచేసే దారి ఇంకొకటి ఉంది. మొదటి సెమిస్టర్లో ఒక కోర్సులో "ఏ" గ్రేడు తెచ్చుకోండి. ఆ ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో రెండు మూడుసార్లు వెళ్లి మంచి ప్రశ్నలు అడిగి ఉండండి. సెమిస్టర్ ముగిసేలోపే, వచ్చేసారి ఆ కోర్సుకు జవాబుపత్రాలు దిద్దే గ్రేడరు కావాలా అని అడగండి. ముఖం తెలిసిన విద్యార్థిని తీసుకోవడం వాళ్లకూ సుఖం.

6. సోషల్ సెక్యూరిటీ నంబరు

ముందు ఉద్యోగం, తర్వాతే నంబరు. ఉద్యోగ పత్రం లేకుండా వెళితే తిప్పి పంపుతారు. తీసుకెళ్లాల్సినవి: పాస్‌పోర్టు, వీసా, ఐ-94 ప్రింటు, ఐ-20, సూపర్‌వైజరు సంతకం చేసిన ఉద్యోగ పత్రం, డీఎస్‌ఓ ఇచ్చే లేఖ. ఉద్యోగ పత్రంలో మీ పేరు, పని స్వభావం, మొదలయ్యే తేదీ, వారానికి గంటలు, సూపర్‌వైజరు పేరు, ఫోను నంబరు ఉన్నాయో లేదో కార్యాలయానికి బయల్దేరే ముందే చూసుకోండి. దేశంలో అడుగుపెట్టాక కనీసం పది రోజులు ఆగి వెళ్లండి. అప్పటికి మీ రాక వివరాలు వాళ్ల కంప్యూటర్లో కనిపిస్తాయి. యూనివర్సిటీ కూడా సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) మీ రిజిస్ట్రేషన్ పూర్తిచేసి ఉండాలి. రుసుము లేదు.

కార్డు తపాలాలో వస్తుంది. అద్దె ఇంట్లో నలుగురు ఉంటే తపాలా పెట్టె మీద మీ పేరు అంటించండి, లేకపోతే వెనక్కి వెళ్లిపోవచ్చు. దాని మీద ప్రభుత్వ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందన్న అర్థం వచ్చే వాక్యం ముద్రించి ఉంటుంది. అది లోపం కాదు, అందరికీ అంతే. కార్డు జేబులో పెట్టుకు తిరగకండి.

దరఖాస్తు పెట్టి నంబరు రాకముందే పనిలో చేరవచ్చు. కానీ కొన్ని యూనివర్సిటీల జీతాల విభాగం నంబరు వచ్చేదాకా ఆగమంటుంది. ముందే అడగండి.

7. చేరిన రోజు కాగితాలు: ఒక్క గడి తప్పితే జీవితకాలం బాధ

మీకు పనిచేసే అనుమతి ఉందని చూపే ఐ-9 అనే ఫారం నింపాలి. మీ భాగం పని మొదలుపెట్టే రోజుకల్లా పూర్తికావాలి, మీ కాగితాలను యజమాని చూసి సంతకం చేయడానికి మూడు పనిదినాల గడువు. అందులో నాలుగు గడులుంటాయి. మొదటిది అమెరికా పౌరులకు. మీది చివరిది, పనికి అనుమతి ఉన్న విదేశీయులది. తొందరలో మొదటి గడిలో టిక్కు పెట్టకండి. పౌరుడినని అబద్ధం చెప్పడం ఇమిగ్రేషన్ చట్టంలో అతి పెద్ద తప్పుల్లో ఒకటి, దాదాపు క్షమాపణ లేనిది. ఫారం ఎవరో నింపి సంతకం పెట్టమంటే కూడా ఆ గడి చూసి పెట్టండి. గడువు తేదీ దగ్గర మీ ఐ-20లోని కోర్సు ముగింపు తేదీ రాయాలి.

రెండోది డబ్ల్యూ-4, జీతంలో పన్ను కోత కోసం. పెళ్లయినవారైనా సరే సింగిల్ అనే గడే ఎంచుకోవాలి. అడుగున 4సీ వరుస కింద "ఎన్‌ఆర్‌ఏ" అని రాయాలి, అమెరికా నివాసి కాని విదేశీయుడని దాని భావం. పన్ను నుంచి పూర్తి మినహాయింపు కోరే గడి జోలికి పోవద్దు. చాలా యూనివర్సిటీలు గ్లేసియర్ లేదా స్ప్రింటాక్స్ అనే పన్ను సాఫ్ట్‌వేర్‌లో వివరాలు నింపిస్తాయి. అందులో అమెరికాకు మొదటిసారి వచ్చిన తేదీ సరిగ్గా ఇవ్వండి, తర్వాతి లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి.

8. మొదటి జీతం స్లిప్పును వరుస వరుసా చదవండి

సరిగ్గా జరిగిందో లేదో తేలేది ఇక్కడే. రెండు వారాలకు 40 గంటలు, గంటకు 12 డాలర్లయితే స్థూల జీతం 480. కింద కోతలుంటాయి. కేంద్ర ఆదాయపు పన్ను కొంత పోవచ్చు, అది మామూలే. రాష్ట్ర పన్ను రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్, ఫ్లోరిడాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు.

చూడాల్సింది ఇంకో రెండు వరుసలు: ఓఏఎస్‌డీఐ లేదా సోషల్ సెక్యూరిటీ (పింఛను కోసం కోసేది), మెడికేర్ (వృద్ధుల వైద్యం కోసం కోసేది). మొదటిది 6.2 శాతం, రెండోది 1.45. ఎఫ్‌-1 విద్యార్థికి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ రెండూ సున్నా ఉండాలి. సున్నా లేకపోతే ఆ 480లో 36.72 డాలర్లు అనవసరంగా పోయినట్టు. క్యాలెండర్ సంవత్సరమంటే జనవరి నుంచి డిసెంబర్. 2025 ఆగస్టులో దిగినవారికి 2025 కూడా ఒక సంవత్సరం కిందే లెక్క, 2029 ఐదోది.

కోసేశారని కనిపిస్తే ఆ వారమే జీతాల విభాగానికి వెళ్లండి. దిద్ది, కోసింది వెనక్కి ఇవ్వడం వాళ్లకు సులువు. వాళ్లు ఇవ్వకపోతే పన్ను శాఖకు 843, 8316 ఫారాలు పంపి తెచ్చుకోవాలి, అందుకు నెలలు పడుతుంది.

9. గంటలు, సెలవులు, సీపీటీ

20 గంటలంటే అన్ని ఉద్యోగాలూ కలిపి. గ్రేడరుగా 10, లైబ్రరీలో 10 అయితే నిండినట్టే. ఈ వారం 15 చేశాను కాబట్టి వచ్చేవారం 25 అనే సర్దుబాటు లేదు. మీ యూనివర్సిటీ వారం ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో కనుక్కోండి. ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, రాత్రి 11కు షిఫ్టు అయిపోతుంది, రావాల్సినవాడు రాడు, "ఇంకో గంట ఉండవా" అని మేనేజర్ బతిమాలుతాడు. అప్పటికి మీ లెక్క 19 గంటల 40 నిమిషాలు. ఆయనకు మీ వీసా నియమం గుర్తుండదు, మీకు ఉండాలి. ఫోనులో మీ గంటలు మీరే రాసుకోండి. పొరపాటున దాటితే దాచకుండా డీఎస్‌ఓతో మాట్లాడండి.

వేసవి సెలవుల్లో, వచ్చే సెమిస్టర్‌కు చదువు కొనసాగించేవారు క్యాంపస్‌లో పూర్తికాలం పని చేయవచ్చు. డబ్బు కూడేది నిజానికి అప్పుడే. 32 వారాలు 20 గంటలు, వేసవిలో 12 వారాలు 40 గంటలు చేస్తే, గంటకు 12 డాలర్ల చొప్పున ఏడాదికి 13,440.

సీపీటీ అంటే చదువులో భాగంగా బయట కంపెనీలో చేసే శిక్షణ. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే. కంపెనీ పేరు, తేదీలు మీ ఐ-20 మీద ముద్రించి వచ్చేదాకా ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టకండి. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ, అంటే చదువు అయ్యాక అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసే హక్కు పోతుంది. చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తాం, తరగతులకు రాకపోయినా ఫరవాలేదు అనే కాలేజీలకు దూరంగా ఉండండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగినప్పుడు కాళ్లకు రేడియో ట్యాగులు వేయించుకున్నవారిలో మన ఉమ్మడి రాష్ట్రం పిల్లలున్నారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన ఉత్తుత్తి కాలేజీ అని బయటపడినప్పుడూ చిక్కుకున్నవారిలో తెలుగువాళ్లే ఎక్కువ.

10. పన్ను దాఖలు: కొంత డబ్బు వెనక్కి

జనవరి నెలాఖరుకు యజమాని నుంచి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే పత్రం) వస్తుంది. మీరు దాఖలు చేయాల్సింది 1040-ఎన్‌ఆర్ (అమెరికా నివాసులు కానివారి పన్ను ఫారం), దానితోపాటు 8843 (మీరు విద్యార్థి హోదాలో ఉన్నారని తెలిపే ఫారం). జీతం ఉన్నవారికి గడువు ఏప్రిల్ 15. ఏడాదంతా ఒక్క డాలరు సంపాదించకపోయినా 8843 మాత్రం పంపాలి. ఈ సంగతి తెలియనివారు సగంమంది ఉంటారేమో.

భారతీయ విద్యార్థులకు ఇక్కడ ఒక అదృష్టం. మామూలుగా విదేశీ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారత్, అమెరికాల మధ్య పన్ను ఒప్పందం 21(2) అధికరణం కింద మనకు ఉంది. 2024 ఆదాయానికి అది 14,600 డాలర్లు. పైన వేసిన 13,440 దానికి లోపలే, కాబట్టి జీతం తప్ప వేరే ఆదాయం లేకపోతే కోసిన కేంద్ర పన్నంతా తిరిగి వస్తుంది.

పొరపాటు ఎక్కడ చేస్తారంటే, ఉచితంగా దొరికే మామూలు సాఫ్ట్‌వేర్‌లో అమెరికా నివాసుల ఫారం 1040 నింపేస్తారు. రీఫండ్ ఎక్కువ చూపిస్తుంది, సంబరపడతారు. అర్హత లేని రాయితీలు అందులో కలిసి ఉంటాయి, తర్వాత సవరణ దాఖలు చేసి వెనక్కి కట్టాలి. మీ యూనివర్సిటీ స్ప్రింటాక్స్ వంటిది ఉచితంగా ఇస్తుందేమో మార్చిలోపు అడగండి.

అడ్డదారుల గురించి

గ్యాస్ స్టేషన్, దేశీ రెస్టారెంట్, గోదాము, నగదు చేతికి. అందరూ చేస్తున్నారు, ఏమీ కాదు అంటారు. అయ్యేది ఇది: అనుమతి లేని పని చేసిన విద్యార్థికి హోదా పోతే, దాన్ని పునరుద్ధరించమని అడిగే దారి కూడా మూసుకుంటుంది. ఏళ్ల తర్వాత గ్రీన్‌కార్డు దరఖాస్తులో అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా అని నేరుగా అడుగుతారు. ఆ రోజు నిజం చెప్పినా చిక్కే, అబద్ధం చెప్పినా చిక్కే. పైగా జీతం ఎగ్గొట్టినా, చేయి కాలినా ఫిర్యాదు చేయడానికి మీరే భయపడతారు. ఆ భయమే యజమానికి పెట్టుబడి.

స్నేహితుడి ఖాతా మీద ఆహారం డెలివరీ, కారు నడపడం, ఫ్రీలాన్స్ వెబ్‌సైట్లలో పని, జీతం ఇవ్వాల్సిన పనిని "వాలంటీర్" పేరుతో చేయడం, ఇవన్నీ ఈ కోవలోవే. హైదరాబాదు కంపెనీకి ఇక్కడి గదిలో కూర్చుని పనిచేస్తే అది ఇండియా పనే కదా అనుకోవద్దు, మీరు కూర్చున్నది అమెరికాలో. మొదలుపెట్టే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. బ్యాంకు వడ్డీ, షేర్ల మీద డివిడెండు తీసుకోవడం వేరు, అది ఉద్యోగం కిందికి రాదు.

నిజంగా ఇంటి దగ్గర ఆపద వచ్చి డబ్బు ఆగిపోతే దారి ఉంది. ఒక విద్యా సంవత్సరం పూర్తయినవారు తీవ్ర ఆర్థిక ఇబ్బంది కింద బయట పనికి ఐ-765 ఫారంతో దరఖాస్తు చేసుకోవచ్చు. డీఎస్‌ఓ సిఫారసు, ఆధారాలు కావాలి, సమయం పడుతుంది. అందుకే ఫీజు గడువు ముంచుకొచ్చాక కాకుండా ఇబ్బంది మొదలైనప్పుడే వెళ్లండి.

11. చివరి సెమిస్టర్

డిగ్రీ పూర్తయ్యే తేదీతో క్యాంపస్ ఉద్యోగం కూడా ముగుస్తుంది. ఐ-20లో ముగింపు తేదీ చూసి, ఆ తర్వాత షిఫ్టులు వేయవద్దని మేనేజరుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఓపీటీ దరఖాస్తు ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత దాకా పెట్టవచ్చు. ముందు పెట్టడమే మేలు, ఎందుకంటే పని అనుమతి కార్డు చేతికొచ్చి, అందులోని ప్రారంభ తేదీ వచ్చేదాకా జీతం తీసుకునే ఏ పనీ చేయకూడదు. ఆ రెండు మూడు నెలల అద్దెకు సరిపడా డబ్బు వేసవి జీతంలోంచే పక్కన పెట్టుకోండి.